టైము దాటిపోయింది అన్నాక

“టైము దాటిపోయిందమ్మా, ఇంక ఆ ఇంజెక్షన్ ఇవ్వలేం.” ఒడిశాలోని గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఉన్న మన తెలుగువాళ్ళు పక్షవాతం వచ్చిన మనిషిని తీసుకుని బరంపురమో శ్రీకాకుళమో విశాఖో చేరేసరికి తరచుగా వినే మాట ఇది. చెవిన పడగానే ఇంటిల్లిపాదీ డీలా పడిపోతారు. అసలు మందు చెయ్యి జారిపోయింది, ఇక ఆసుపత్రిలో ఉన్నా సెలైనే, ఇంట్లో ఉన్నా సెలైనే అనుకుంటారు. మూడో రోజున సంతకం పెట్టి డిశ్చార్జి చేయించుకుని, పసరు పోసే ఊరు ఎక్కడుందో, పావురం రక్తం రాసేవాళ్ళెవరో కనుక్కుంటూ బయల్దేరతారు.

దాటిపోయిన ఇంజెక్షన్ వల్ల ఎంత నష్టమో, ఆ సంతకం వల్ల కూడా అంతే నష్టం. పక్షవాతం వైద్యంలో పేరంతా ఇంజెక్షన్‌దే గానీ, మనిషిని బతికించి మళ్ళీ నడిపించే పనిలో పెద్ద భాగం నర్సులూ, ఫిజియోథెరపిస్టులూ, స్పీచ్ థెరపిస్టులూ రోజూ చేసే చిన్న చిన్న పనులదే. ఆ ఇంజెక్షన్, అంటే మెదడు నాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డని కరిగించే మందు, కొందరికే కుదురుతుంది. ఈ పనులు మాత్రం మెదడులో గడ్డ అడ్డుపడ్డవాళ్ళకైనా, రక్తం చిమ్మినవాళ్ళకైనా, నలభై ఏళ్ళ మనిషికైనా, ఎనభై ఏళ్ళ మామ్మకైనా పనికొస్తాయి. ఈ పోస్టు ఎక్కువగా వాటి గురించే.

ముందు ఆ టైము సంగతి

గడ్డ కరిగించే మందుకి గడువు 4.5 గంటలు. లెక్క మొదలయ్యేది చెయ్యి పడిపోయిందని మనం గమనించిన టైము నుంచి కాదు, మనిషి మామూలుగా ఉండగా ఆఖరుసారి చూసిన టైము నుంచి. రాత్రి 10కి బాగానే పడుకుని తెల్లవారి 5కి మూతి వంకరతో లేస్తే, లెక్క రాత్రి 10 నుంచే. ఈ రకం మందుల్లో ఆల్టెప్లేజ్ అయితే కిలో బరువుకి 0.9 మిల్లీగ్రాములు, మొత్తం 90 దాటకుండా ఇస్తారు. అందులో పదో వంతు ఒక్క నిమిషంలో వెళ్తుంది, మిగతాది గంటసేపు ఎక్కుతుంది. టెనెక్టెప్లేజ్ అయితే కిలోకి 0.25, మహా అయితే 25 మిల్లీగ్రాములు, ఒక్కసారే. బీపీ 185/110 కిందికి దిగితేనే మొదలుపెడతారు. తలకి సీటీ స్కాన్ తియ్యకుండా ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు. రక్తం చిమ్మిన మెదడుకి ఇదే మందు పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ రెండు రకాల పక్షవాతాల్నీ పైకి చూసి తేల్చగలిగే డాక్టరు లేడు. అందుకే సీటీ లేని నర్సింగ్ హోములో ఆగి గడిపిన గంట పూర్తిగా పోయిన గంటే.

టైము దాటిందన్నాక కూడా ఒక ప్రశ్న అడగాలి: “పెద్ద నాళమేదైనా మూసుకుందా సార్, సీటీ యాంజియో తీస్తారా?” రక్తనాళాలు కనపడేలా తీసే స్కాన్ అది. తొడ దగ్గరి నాళంలోంచి తీగ పంపి గడ్డని బయటికి లాగే పద్ధతి ఒకటుంది. దానికి 6 గంటలు, మెదడులో ఇంకా కాపాడదగ్గ భాగం మిగిలుందని స్కాన్‌లో తేలితే 24 గంటల దాకా అవకాశం ఉంటుంది. 2018లో రెండు పెద్ద పరిశోధనల ఫలితాలు వచ్చాకే ఈ గడువు పెరిగింది. ఈ పని చేసే గదీ (క్యాత్ ల్యాబ్), చెయ్యి తిరిగిన డాక్టరూ ఉండేది పెద్ద ఊళ్ళలోనే. కారెక్కే ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి: సీటీ ఇప్పుడు పనిచేస్తోందా, గడ్డ కరిగించే మందు స్టాకుందా, న్యూరో డాక్టరు ఈ పూట ఉన్నారా, గడ్డ లాగే సౌకర్యం ఉందా.

మన దారులూ ఇందులో ఒక సమస్యే. పర్లాకిమిడి నుంచి మోహన, తప్తపాణి ఘాట్ మీదుగా బరంపురం పోవడమా, పాతపట్నం మీదుగా శ్రీకాకుళం పోవడమా? రాయగడ నుంచి కొరాపుట్‌కి కొండెక్కడమా, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం దిగడమా? ఇది ఆ రాత్రి గుమ్మంలో నిలబడి తేల్చుకునే విషయం కాదు. ఇంట్లో బీపీ, షుగరు, గుండె దడ ఉన్న పెద్దవాళ్ళుంటే ముందే తేల్చి కాగితం మీద రాసి పెట్టుకోవాలి. 108 వస్తుంది గానీ రాష్ట్రం దాటిస్తుందని అనుకోకండి, ఎక్కించే ముందే అడగండి. కార్డు సంగతీ అంతే. ఒడిశా వాళ్ళకి ఆంధ్రా ఎన్టీఆర్ వైద్య సేవ వర్తించదు. చేతిలో ఉండాల్సింది ఆయుష్మాన్, గోపబంధు పథకాల ఉమ్మడి కార్డు. దాని మీద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా, ఆడవాళ్ళకి అదనంగా మరో 5 లక్షల దాకా వైద్యం ఉచితం. రాష్ట్రం బయట వాడాలంటే ఆ ఆసుపత్రి ఆయుష్మాన్ జాబితాలో ఉండాలి.

దారిలో చెయ్యకూడనివి కొన్ని. నోట్లో నీళ్ళు పొయ్యొద్దు. నాలుక కింద బీపీ మాత్ర పెట్టొద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోతే మూసుకున్న నాళం అవతల ఉన్న కాస్త రక్తమూ ఆగిపోతుంది. సీటీ కాకుండా ఆస్ప్రిన్ వెయ్యొద్దు. వేళ్ళకి సూది గుచ్చి రక్తం తీస్తే తగ్గుతుందన్న వాట్సాప్ సలహా శుద్ధ అబద్ధం. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర ఒక్క పని మాత్రం చేయించవచ్చు, గ్లూకోమీటరుతో షుగరు చూడటం. షుగరు బాగా పడిపోయినప్పుడూ అచ్చం పక్షవాతంలాగే చెయ్యీ కాలూ పడిపోతాయి, గ్లూకోజ్ ఎక్కించగానే లేస్తాయి. షుగరు పడిపోలేదని తేలితే మాత్రం గ్లూకోజ్ బాటిల్ పెట్టించొద్దు, అది మెదడుకి చెరుపు. మల్కన్‌గిరి, కొరాపుట్, రాయగడ వైపు జ్వరంతో స్పృహ తప్పితే మలేరియా పరీక్ష కూడా జరగాలి. చిన్నపిల్లకి చెయ్యి పడిపోతే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉందేమో చెప్పండి. ఆ పిల్లలకి ముందు చేసేది రక్తం మార్చడం, దారే వేరు.

మూడో రోజే ఇంటికి ఎందుకు రాకూడదు

పెద్ద దెబ్బ తగిలిన మెదడు రెండో రోజు నుంచి అయిదో రోజు దాకా వాస్తుంది. మొదటి రోజు కళ్ళు తెరిచి చూసిన మనిషి మూడో రోజు మగతలోకి పోవడం అందుకే. వాపు మరీ పెరిగితే పుర్రె ఎముక ముక్క తీసి మెదడుకి చోటిచ్చే ఆపరేషన్ ఉంది. అరవై లోపు వయసువాళ్ళకి 48 గంటల్లోగా చేస్తే ప్రాణం నిలబెడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మనవాళ్ళు ఆటో మాట్లాడుకుని ఇంటికి వచ్చేస్తారు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరేదీ మొదటి వారంలోనే.

పక్షవాతం రోగుల్ని ఒకే వార్డులో పెట్టి, దాని పని తెలిసిన నర్సులతో చూసే పద్ధతిని స్ట్రోక్ యూనిట్ అంటారు. అక్కడ కొత్త మందేమీ ఉండదు. ఉండేది క్రమం: బీపీ, షుగరు, జ్వరం గంటలవారీగా చూడటం, మింగుడు పరీక్ష, రెండు గంటలకోసారి పక్క మార్చడం, మూత్రం గొట్టం వీలైనంత తొందరగా తీసెయ్యడం. అయినా మామూలు వార్డులో కన్నా అక్కడ బతికి ఇంటికి నడిచి వెళ్ళేవాళ్ళు ఎక్కువని దశాబ్దాల పరిశోధనలు మళ్ళీ మళ్ళీ తేల్చాయి. మీ ఆసుపత్రిలో అలాంటి వార్డు లేకపోయినా అందులో జరిగే పనుల్ని ఒక్కొక్కటే అడిగి చేయించుకోవచ్చు.

డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టకూడదో కూడా చెప్పాలి. మెదడుకి బలమని సిటికోలిన్ ఇంజెక్షన్లు వారాల తరబడి రాస్తారు. 2,298 మంది మీద చేసి 2012లో ప్రచురించిన పరిశోధనలో దాని వల్ల లాభం కనపడలేదు. ఆ డబ్బు ఫిజియోథెరపిస్టుకి ఇవ్వండి.

మింగుడు

మొదటి రోజు ఇంటివాళ్ళు అడగాల్సిన మొదటి మాట: “సిస్టర్, మింగుడు పరీక్ష చేశారా?” పక్షవాతం వచ్చినవాళ్ళలో దగ్గర దగ్గర సగం మందికి మొదట్లో గొంతు పట్టు తప్పుతుంది. నీళ్ళు అన్నవాహికలోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి జారతాయి. కొందరికి దగ్గు కూడా రాదు. అందుకే దగ్గలేదు కాబట్టి బాగానే మింగుతున్నాడు అనుకోవడం ప్రమాదం.

పరీక్ష ఇలా ఉంటుంది. మనిషి మెలకువగా ఉండాలి, నిటారుగా కూర్చోబెట్టాలి, నోరు శుభ్రం చెయ్యాలి. ముందు చెంచాడు నీళ్ళు, ఆగి మళ్ళీ చెంచాడు, ఇంకోసారి. ప్రతిసారీ గొంతు దగ్గర ముడి పైకి లేస్తోందా అని వేలు పెట్టి చూస్తారు, తర్వాత “ఆ” అనిపిస్తారు. గొంతులో గురగుర వినిపించినా, దగ్గొచ్చినా, పెదవి పక్కనుంచి కారినా అక్కడితో ఆపేస్తారు. అన్నీ బాగుంటే 90 మిల్లీలీటర్లు ఆగకుండా తాగిస్తారు. అదీ దాటితేనే నోటి ద్వారా తిండి. దాటనివాళ్ళకి మాత్రలు కూడా నోట్లో వెయ్యకూడదు.

ఈ పరీక్షను పాడుచేసేది చాలాసార్లు ప్రేమే. ఊరినుంచి చూడ్డానికొచ్చిన అత్త “పాపం గొంతెండిపోతోంది” అని కొబ్బరినీళ్ళు పట్టేస్తుంది. ఇంకా ప్రమాదమైనవి మన పఖాళ, తరవాణి అన్నం. జ్వరం మనిషికి చలవ అని పెడతారు. అందులో పల్చటి నీళ్ళూ మెతుకులూ కలిసి ఉంటాయి. మెతుకు నమిలేలోపే నీళ్ళు గొంతులోకి దిగిపోతాయి, మింగుడు ఇంకా మొదలే కాలేదు. గొంతు పట్టు లేని మనిషికి పల్చటి నీళ్ళ కన్నా, గట్టి ముద్ద కన్నా ఈ కలగాపులగమే ఎక్కువ కష్టం. చారన్నం కూడా అంతే. మొదట పెట్టేవి ముద్దలా, జారకుండా, ఒకే తీరున ఉండాలి: మెత్తగా మెదిపిన పప్పన్నం, చిక్కటి చోడి (రాగి) జావ, మెదిపిన అరటిపండు. గడ్డం కాస్త గుండెవైపు వంచి, చిన్న చెంచాతో, పడిపోని వైపునుంచి పెట్టాలి. ముద్ద మింగాక పడిపోయిన వైపు బుగ్గలో ఏమైనా నిల్వ ఉందేమో వేలితో చూడాలి. తిన్నాక అరగంట కూర్చోబెట్టాలి. పళ్ళు రోజుకి రెండుసార్లు తోమాలి. నోట్లో పాచి ఉన్న మనిషికి లాలాజలం జారినా నిమ్ము వస్తుంది.

ముక్కు గొట్టంతో ఇంటికి పంపిస్తే అది కొన్నాళ్ళకే. ముక్కు దగ్గర గొట్టం మీద పెన్నుతో గీత పెట్టించుకోండి. గీత బయటికి జరిగిందంటే అందులో ఏమీ పొయ్యొద్దు, ఆసుపత్రికి వెళ్ళండి. మంచం తల వైపు 45 డిగ్రీలు ఎత్తి, 50 మిల్లీలీటర్ల సిరంజిలో పోసి ఎత్తులో పట్టుకుంటే దానంతట అదే దిగాలి, పిస్టన్‌తో తొయ్యకూడదు. ఒక్కోసారికి 200 నుంచి 250 మిల్లీలీటర్లు చాలు, ముందూ వెనకా 30 మిల్లీలీటర్ల మంచినీళ్ళు పోస్తే గొట్టం మూసుకుపోదు. చోడి జావ వేడిగా ఉన్నప్పుడు పల్చగానే ఉంటుంది, చల్లారాక గొట్టంలో గడ్డ కడుతుంది. కాబట్టి పల్చగా కాచి, గుడ్డలో వడగట్టి, గోరువెచ్చగా ఉండగానే పొయ్యాలి. చోడి ఒక్కటే ఇస్తే మాంసకృత్తులు చాలవు. పప్పుకట్టు, పాలు, మెదిపి వడగట్టిన ఉడికిన గుడ్డు కలవాలి. మాత్రలు పొడి చేసే ముందు అట్ట మీద పేరు చూడండి. చివర ఎక్స్ఎల్, ఎస్ఆర్, ఎక్స్ఆర్ అని ఉన్నవీ, పైన గట్టి పూత ఉన్న ఆస్ప్రినూ నూరకూడదు. రోజంతా నిదానంగా విడుదలవ్వాల్సిన మందు ఒక్కసారే కడుపులో పడుతుంది. బదులు ఏం వాడాలో రాసిమ్మని డిశ్చార్జికి ముందే అడగాలి.

భుజం

కాలు పడిపోయినవాళ్ళలో చాలామంది ఏదో ఒక తీరున నడుస్తారు. చెయ్యి మాత్రం ఆలస్యం. దాన్ని ఇంకా ఆలస్యం చేసేది భుజం నొప్పి, అందులో చాలా వరకు మన చేతులారా తెచ్చేదే.

భుజం కీలు గిన్నె లోతు తక్కువ. ఎముక గుండుని అందులో పట్టి ఉంచేది చుట్టూ ఉన్న కండరాలు. పక్షవాతంలో మొదటి వారాల్లో ఆ కండరాలు బట్టలా వేలాడిపోతాయి. కూర్చోబెట్టగానే చేతి బరువుకి గుండు కిందికి జారుతుంది. భుజం కొన మీద వేలు పెట్టి చూస్తే వేలు దూరేంత సందు తగులుతుంది. ఆ స్థితిలో మనం ఏం చేస్తాం? చంకల కింద చేతులేసి మనిషిని పైకి లాగుతాం. చొక్కా తొడగడానికి చెయ్యి పట్టి గుంజుతాం. పక్కకి తిప్పడానికి అదే చెయ్యి పట్టుకుంటాం. జారిన కీలు చుట్టూ కండరాల పట్టీలు చిరుగుతాయి, నరాలు సాగి దెబ్బతింటాయి. నెల తిరిగేసరికి చెయ్యి ముట్టుకుంటే అరుస్తారు, ఇక వ్యాయామం ఎక్కడ?

అందుకని ఎత్తాల్సి వస్తే నడుం చుట్టూ దళసరి తువ్వాలు కట్టి దాన్ని పట్టుకోండి. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చేతికి ముందు, విప్పేటప్పుడు దానికి ఆఖర్న. సెలైన్ సూదీ, బీపీ పట్టీ బాగున్న చేతికే పెట్టమనండి. కూర్చున్నప్పుడు చెయ్యి ఒడిలోంచి వేలాడకుండా దిండు మీదో బల్ల మీదో ఉంచాలి. మెడలో వేసే స్లింగ్ నిలబడేటప్పుడూ నడిచేటప్పుడూ సరే గానీ, రోజంతా వేస్తే చెయ్యి మడత పడిన ఆకారంలోనే బిగుసుకుపోతుంది. చేతిని మనం లేపి చేయించే వ్యాయామంలో భుజం ఎత్తు దాటించొద్దు. ఆ పైకి లేపాలంటే భుజం రెక్క ఎముకని కూడా కలిపి తిప్పడం తెలిసిన మనిషే చెయ్యాలి. గుమ్మానికి తాడూ కప్పీ కట్టి బాగున్న చేత్తో రెండో చేతిని పైకి లాగించడం మన వైపు ఇంకా కనిపిస్తుంది. అది భుజానికి చేటని తెలిసి చాలా ఏళ్ళయింది, తీసెయ్యండి.

పడుకోబెట్టే తీరు కూడా భుజం కోసమే. పడిపోయిన వైపుకి తిప్పి పడుకోబెట్టడం మంచిదే, అయితే ఆ భుజం ఒంటి కింద నలగకుండా కాస్త ముందుకి లాగి ఉంచాలి. బాగున్న వైపుకి తిప్పితే పడిపోయిన చెయ్యి ఎదురుగా దిండు మీద, మోచెయ్యి చాచి ఉండాలి. అరచేతిలో రబ్బరు బంతి పెట్టి పిసకమనే అలవాటు నాకు నచ్చదు. వేళ్ళు ముడుచుకోవడం ఎటూ వచ్చేస్తుంది, రానిది తెరవడం. సాధన తెరవడానికి చేయించాలి.

నులక మంచం ఇక్కడ శత్రువే. మధ్యలో కుంగుతుంది, నడుం వంగుతుంది, పక్కకి దొర్లడం కుదరదు. చెక్క మంచం మీద పరుపు వెయ్యండి. ఎత్తు ఎంతంటే, అంచున కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలి.

ఎప్పుడు లేపాలి

తొందరగా లేపితే తొందరగా నడుస్తారనేది సగం నిజం. 2,104 మందితో చేసి 2015లో ప్రచురించిన అవర్ట్ పరిశోధనలో, మొదటి 24 గంటల్లోనే ఎక్కువసార్లు ఎక్కువసేపు లేపిన వాళ్ళకి ఫలితం మామూలు పద్ధతి కన్నా తగ్గింది. అలాగని వారం పడుకోబెట్టమని కాదు. రెండో రోజు నుంచి, బీపీ నిలకడగా ఉంటే, మంచం అంచున పది నిమిషాలు కూర్చోబెట్టడం, రోజుకి మూడు నాలుగుసార్లు. తల తిరిగితే పడుకోబెట్టెయ్యడం.

కూర్చోవడం కుదిరాక అసలు వ్యాయామం లేచి నిలబడటం. పాదాలు మోకాళ్ళ కన్నా కాస్త వెనక్కి ఉండాలి, పడిపోయిన పాదం మడమ నేలకి ఆనాలి, ముక్కు కాలివేళ్ళని దాటేంత ముందుకి వంగాలి, అప్పుడు లేవాలి. వెనక్కి వాలి ఉండగానే పైకి లాగితే ఎవరూ లేవలేరు. పట్టుకునే మనిషి ఎదురుగా నిలబడి తన మోకాలితో పడిపోయిన మోకాలిని ముందునుంచి ఆపాలి, లేకపోతే అది మడత పడి ఇద్దరూ కింద పడతారు. ఒక విడతకి అయిదుసార్లతో మొదలుపెట్టి రోజు మొత్తం మీద ముప్ఫై, నలభైకి తీసుకెళ్ళాలి. పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే మాత్రం వ్యాయామమూ నూనె మర్దనా రెండూ ఆపి డాక్టరుకి చూపించాలి. లోపల గడ్డ కట్టి ఉండొచ్చు, రుద్దితే ఊపిరితిత్తులకి కొట్టుకుపోతుంది. స్పర్శ తెలియని కాలికి వేడి ఇటుక కాపడం పెట్టి బొబ్బలెక్కించడం కూడా అరుదేం కాదు.

కర్ర బాగున్న చేతిలో ఉండాలి. చెయ్యి వదులుగా వేలాడేస్తే కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. ముందు కర్ర, తర్వాత పడిపోయిన కాలు, తర్వాత బాగున్న కాలు. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు పడిపోయిన కాలు ముందు. పాదం ముందు భాగం నేలకి రాసుకుంటుంటే చీలమండ దగ్గర పెట్టే ప్లాస్టిక్ బ్రేస్ కావాలి. కొలత తీసి చేసేవాళ్ళ దగ్గరే చేయించండి. ఒడిశాలో ఇందుకు పేరున్న చోటు కటక్ జిల్లా ఓలత్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ. దూరమే గానీ, వికలాంగుల కోసం జిల్లాల్లో జరిగే భీమభోయి శిబిరాల్లో కూడా ఉపకరణాలకి పేరు రాయించుకోవచ్చు.

ఏ భాషలో అడిగారు?

ఇది సరిహద్దు వాళ్ళకి ఎక్కువగా ఎదురయ్యే చిక్కు. ఎడమ మెదడు దెబ్బతింటే చాలామందికి కుడి చెయ్యితో పాటు మాట కూడా పోతుంది. మాట పోవడంలో రెండు రకాలున్నాయి. నాలుక, పెదవులు తిరగక మాట ముద్దగా రావడం ఒకటి, మాటే గుర్తుకురాకపోవడం లేదా ఎదుటివాళ్ళ మాట అర్థం కాకపోవడం ఇంకొకటి. పక్షవాతం తీవ్రత కొలిచే పట్టికలో 0 నుంచి 42 దాకా మార్కులుంటాయి, ఎక్కువ మార్కులంటే ఎక్కువ దెబ్బ. నెల ఏది, వయసెంత అని అడుగుతారు, కళ్ళు మూసి తెరవమంటారు, గుప్పిట బిగించి వదలమంటారు. పర్లాకిమిడి పక్క పల్లెలో పుట్టి ఇంట్లో తెలుగూ సంతలో ఒడియా మాట్లాడే మామ్మని రాత్రి డ్యూటీ డాక్టరు “ఆఖి బంద కరంతు” (కళ్ళు మూసుకోండి) అని ఒడియాలో అంటే ఆవిడ బిత్తరచూపు చూస్తుంది. చెప్పింది అర్థం కాలేదని మార్కులు పడతాయి. అర్థం కానిది మాటా, ఒడియానా? రెండు భాషలవాళ్ళకి దెబ్బ తిన్నాక రెండూ ఒకే మోతాదులో మిగలాలని లేదు, ఒకటి ముందు రావచ్చు.

పక్కనున్నవాళ్ళు చొరవ తీసుకుని “డాక్టరుగారూ, మా అమ్మకి తెలుగులో అడగనివ్వండి” అనాలి. అడిగేటప్పుడు చేత్తో సైగ చెయ్యకూడదు. మనం కళ్ళు మూసి చూపిస్తే ఆవిడ చూసి చేస్తుంది, మాట అర్థమైందో లేదో తేలదు. స్పీచ్ థెరపీ ఇంటి భాషలోనే జరగాలి. తెలుగు రాని థెరపిస్టు అయితే వారానికోసారి చూపించి, రోజూ చేయించే పని మీరు తెలుగులో చెయ్యండి. కష్టంగా ఉన్న మాటల కన్నా నోటికి పట్టేసినవి ముందు వస్తాయి: ఒకట్లు రెండ్లు, వారాల పేర్లు, గోవిందనామాలు, పెళ్ళిపాటలు. పాటలో వచ్చిన మాటని మెల్లగా రాగం తగ్గిస్తూ మామూలు మాటలోకి దింపాలి. “ఏం కావాలి?” అనే కన్నా “నీళ్ళా, పాలా?” అని రెండూ చూపించి అడగండి. జవాబుకి పది అంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగండి. చెవుడు లేదు, అరవక్కర్లేదు.

కుడి మెదడు దెబ్బతిన్నవాళ్ళలో కొందరికి మాట బాగానే ఉంటుంది గానీ ఎడమవైపు లోకమే ఉండదు. కంచంలో కుడివైపు అన్నం తిని “ఇంకా పెట్టవేం” అంటారు. మొండితనం కాదది. కంచం తిప్పి చూపించి, ఎడమవైపు కూర్చుని మాట్లాడండి.

ఇంట్లో

1,250 మందితో మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో చేసిన అటెండ్ అనే పరిశోధన ఒకటుంది, 2017లో ప్రచురించారు. ఇంటివాళ్ళకి వ్యాయామాలు నేర్పి పంపితే సరిపోతుందా అని చూశారు. ఆరు నెలల తర్వాత చనిపోయినవాళ్ళూ, ఇంకొకరి మీద ఆధారపడ్డవాళ్ళూ రెండు గుంపుల్లోనూ 47 శాతమే, తేడా రాలేదు. దీన్ని ఇంట్లో చేసేది దండగ అని చదవకూడదు. ఒకసారి నేర్పి కాగితం చేతిలో పెడితే చాలదని నేను చదువుకుంటాను. వారానికోసారైనా ఫిజియోథెరపిస్టు చూసి వ్యాయామం మార్చాలి, దాని బరువు పెంచాలి.

తేడా రాకపోవడానికి నాకు తోచే రెండో కారణం మోతాదు. థెరపీకి వెళ్ళిన అరగంటలో చెయ్యి ముప్ఫైసార్లు కదిలితే గొప్ప. మెదడు కొత్త దారి వేసుకోవడానికి వందలసార్లు కావాలి. అది మిషన్ మీద కానక్కర్లేదు. చేటలో చింతపిక్కలు ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వెయ్యడం, జీడిపప్పు గుండూ బద్దా వేరుచెయ్యడం, తడిబట్ట మడతపెట్టడం, గ్లాసు ఈ గూట్లోంచి ఆ గూట్లోకి మార్చడం. మణికట్టు, వేళ్ళు కాస్తయినా పైకి తెరుచుకునే వాళ్ళకి బాగున్న చేతికి రోజులో కొన్ని గంటలు సంచీ తొడిగి పడిపోయిన చేత్తోనే పని చేయించే పద్ధతి బాగా పనిచేస్తుంది. చెయ్యి అసలు కదలని వాళ్ళకి అద్దం: బల్ల మీద నిలువుగా పెట్టి, పడిపోయిన చేతిని అద్దం వెనక దాచి, బాగున్న చెయ్యి అద్దంలో కదలడం చూస్తూ రెండూ కదిలించే ప్రయత్నం, రోజూ అరగంట. వారాలు గడిచాక చెయ్యి కొయ్యలా బిగుసుకుంటే బిగువు సడలించే బోటులినం ఇంజెక్షన్ ఉంది, ప్రభావం మూడు నెలలు. ఆ మూడు నెలల్లో వ్యాయామం చెయ్యకపోతే డబ్బు నీళ్ళలో పోసినట్టే.

గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి ఉన్న ఇళ్ళలో ప్లాస్టిక్ కుర్చీకి కన్నం కోసి పెడతారు, పక్కకి ఒరిగితే బోల్తా పడుతుంది. ఇనుప కమోడ్ స్టూలు, 17, 18 అంగుళాల ఎత్తుది, గోడకి ఆనించి పెట్టి, బాగున్న చేతివైపు గోడకి పైపు బిగించండి. మూత్రానికి రెండు గంటలకోసారి మీరే తీసుకెళ్ళండి, అడిగేదాకా ఆగొద్దు. ఇక మనిషి రోజంతా గోడవైపు తిరిగి పడుకుని, తిండి మీద ధ్యాస లేక, ఉత్తపుణ్యానికే ఏడుస్తుంటే అది బాధే అని సరిపెట్టకండి. ముగ్గురిలో ఒకరికి పక్షవాతం తర్వాత డిప్రెషన్ వస్తుంది, మందుంది.

మాత్రలు నడక వచ్చాక ఆపేసేవి కావు. బీపీ 130/80 లోపు ఉండాలి. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిరామయ కౌంటరులో బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. ఎండుచేప, ఊరగాయ తగ్గించాలి. ఆడవాళ్ళ అడ్డపొగ చుట్ట, గుడాఖు కూడా పొగాకే, “నేను సిగరెట్ తాగను” అన్నంత మాత్రాన సరిపోదు. డిశ్చార్జి రోజున సీటీ ఫిల్మో సీడీనో తప్పకుండా తెచ్చుకోండి, రాష్ట్రం మారితే మళ్ళీ తీస్తారు. కొన్ని నెలలు గడిచినా లోటు మిగిలిపోతే వికలాంగుల గుర్తింపు కార్డుకి (యూడీఐడీ) దరఖాస్తు పెట్టండి. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉంటే ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛను లాంటివాటికి అర్హత వస్తుంది.

బీరువా తలుపుకి ఒక కాగితం అంటించండి. మనిషి బరువు, వాడుతున్న మాత్రల పేర్లు, రక్తం పల్చబరిచే మందు వాడుతుంటే ఎర్ర సిరాతో అది, సీటీ ఉన్న ఆసుపత్రి ఫోను, రాత్రిపూట వచ్చే కారు డ్రైవరు ఫోను. కింద ఒక గీత ఖాళీగా వదిలి “మామూలుగా ఉండగా ఆఖరుసారి చూసిన టైము” అని రాసి పెట్టండి. మళ్ళీ మూతి వంకరపోతే ముందు ఆ గీత మీద టైము రాసి, తర్వాత ఫోన్ అందుకోండి.